గుండెకు ఎవరూ చెప్పరు

(ఉపాధ్యాయులు, నర్సింగ్ విద్యార్థినులు, ఆశా కార్యకర్తలు, చుట్టుపక్కల ఊళ్ల పెద్దలు కూడిన సభలో ఒక విశ్రాంత ఫిజియాలజీ అధ్యాపకుడు నల్గొండలో చేసిన ప్రసంగ పాఠం. చివర సభికులు అడిగిన ప్రశ్నలు కొన్ని.)

అందరికీ నమస్కారం. కూర్చున్నచోటే ఒకసారి గుండె మీద చెయ్యి పెట్టుకోండి.

చూశారా, అందరి చెయ్యీ ఎడమవైపే పోయింది. తప్పేం లేదు. గుండె కింది మొన అక్కడ, ఐదు ఆరు పక్కటెముకల మధ్య ఛాతీ గోడను తాకుతుంది కాబట్టి చేతికి తెలిసేది అక్కడే. ఇప్పుడు చెయ్యి కుడివైపుకు జరపండి. రొమ్ము ఎముక కుడి అంచున, మూడో పక్కటెముక దగ్గర పెట్టండి. ఏమీ తెలియట్లేదు కదా? మీ ప్రతి గుండె చప్పుడూ మొదలయ్యేది మాత్రం ఆ లోపలే.

మరి ఎవరు చెబితే మొదలవుతుంది? వెనక ఎవరో "మెదడు" అన్నారు. ఏ సభలో అడిగినా ఇదే జవాబు వస్తుంది. టెన్త్ పిల్లలూ ఇదే అంటారు, పీజీ చదివినవాళ్లూ ఇదే అంటారు. ఊపిరి విషయంలో అది నిజం. మెదడు కాండం, అంటే మెదడు అడుగు భాగం, నుంచి కబురు రాకపోతే ఛాతీ కండరాలు కదలవు, ఊపిరి ఆడదు. గుండె సంగతి వేరు. మెదడు నుంచి గుండెకు వచ్చే నరాలన్నీ తెంపేసినా అది కొట్టుకుంటూనే ఉంటుంది. మామూలు కంటే కొంచెం ఎక్కువే కొట్టుకుంటుంది. ఎందుకన్నది తర్వాత చెప్తాను.

ఇదంతా పుస్తకాల గొడవ, మనకెందుకు అనుకోకండి. మన జిల్లా మీదుగా 65వ నంబరు హైవే పోతుంది. చౌటుప్పల్, నార్కట్‌పల్లి, సూర్యాపేట. ఆ రోడ్డు మీద బండి పడి తలకు దెబ్బ తగిలిన పిల్లవాణ్ని హైదరాబాద్ తీసుకుపోతారు. రెండు రోజులకు డాక్టర్ బయటికొచ్చి "బ్రెయిన్ డెడ్" అంటాడు. తండ్రి లోపలికి పోయి చూస్తాడు. కొడుకు ఛాతీ లేస్తూ పడుతూ ఉంటుంది. ఒళ్లు వెచ్చగా ఉంటుంది. మానిటర్ మీద గుండె గీత నడుస్తూ ఉంటుంది. "గుండె కొట్టుకుంటుంటే సచ్చిపోయిండని ఎట్లంటరు సార్?" అని అడుగుతాడు. ఇంతకంటే న్యాయమైన ప్రశ్న ఉండదు. దానికి జవాబు చెప్పకుండా అవయవదానం సంతకం కాగితం ముందుకు నెట్టడం నాకు నచ్చదు.

ఆ తండ్రి పక్కన కూర్చొని చెప్పాల్సింది ఇది. ఛాతీని లేపుతున్నది వెంటిలేటర్. మెదడు కాండం చచ్చిపోయింది కాబట్టి పిల్లవాడికి సొంత ఊపిరి లేదు. మిషన్ సాయం ఆపి, రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరగనిచ్చి, ఊపిరి కోసం ఒక్క ప్రయత్నమైనా చేస్తాడేమోనని చూస్తారు. 1994 నాటి అవయవ మార్పిడి చట్టం కింద ఈ పరీక్షలన్నీ కనీసం ఆరు గంటల తేడాతో రెండుసార్లు చేయాలి, నలుగురు డాక్టర్లు సంతకం పెట్టాలి. గుండెకు మాత్రం మెదడు ఉందో లేదో తెలియదు. ఆక్సిజన్ ఉన్న రక్తం అందుతున్నంతసేపు అది తన పని తాను చేసుకుపోతుంది. మిషన్ ఉన్నా కూడా ఆ తర్వాత ఎక్కువ కాలం సాగదు.

2021 ఫిబ్రవరిలో నాగోల్ నుంచి జూబ్లీహిల్స్ దాకా, 2025 జనవరిలో ఎల్బీనగర్ నుంచి లక్డీకాపూల్ దాకా హైదరాబాద్ మెట్రో రైల్లో ఇలా దానం చేసిన గుండెను తీసుకుపోయారు. పేపర్లో చదివే ఉంటారు. రెండోసారి 13 కిలోమీటర్లు 13 నిమిషాల్లో పోయింది. అంత తొందర ఎందుకంటే, బయటికి తీసిన గుండెను సుమారు నాలుగు గంటల్లో ఇంకొకరి ఛాతీలో పెట్టేయాలి. తీసేటప్పుడు పొటాషియం ఎక్కువున్న చల్లటి ద్రావణం ఎక్కించి దాన్ని కావాలనే ఆపుతారు. అవతల రక్తనాళాలు కుడతారు. నరాలు కుట్టరు, కుట్టలేరు కూడా. వెచ్చటి రక్తం లోపలికి పారగానే చాలాసార్లు గుండె దానంతట అదే మొదలవుతుంది, కొన్నిసార్లు చిన్న షాక్ ఇవ్వాల్సి వస్తుంది. ఎవరి మెదడు చెప్పింది దానికి? ఇచ్చినవాడి మెదడు లేదు, పుచ్చుకున్నవాడి మెదడుకు దారి లేదు.

ఆశా అక్కలు ఉన్నారు కాబట్టి ఇంకొకటి చెప్తాను. పిండం ఏర్పడిన 22 రోజుల ప్రాంతంలో గుండె కొట్టుకోవడం మొదలవుతుంది. అంటే నెల తప్పి ఇంకా వారం రోజులు. అప్పటికి అది సన్నటి గొట్టమే, నాలుగు గదులు కూడా పడి ఉండవు. మెదడు నుంచి దానికి ఒక్క నరమూ చేరి ఉండదు.

మరి మొదలుపెట్టేది ఎవరు? పై నుంచి చెడు రక్తం తెచ్చే పెద్ద సిర గుండె కుడి పై గదిలో కలిసేచోట, గోడలో ఒక చిన్న ముద్ద కణాలు ఉన్నాయి. పొడవు రెండు సెంటీమీటర్లు ఉండదు, వెడల్పు కొన్ని మిల్లీమీటర్లే. పేరు సైనో ఏట్రియల్ నోడ్. నర్సమ్మలు ఎస్ఏ నోడ్ అంటారు, నేనూ అదే అంటాను. కోసి చూస్తే కంటికి కనిపించదు, చుట్టుపక్కల కండరంలో కలిసిపోయి ఉంటుంది. అందుకే ఇన్ని వందల ఏళ్లు ఎవరికీ దొరకలేదు.

దొరికిన తీరు తమాషాగా ఉంటుంది. విలియం హార్వీ 1628లోనే, ప్రాణం పోతున్న జంతువులో అన్నిటికంటే చివర ఆగేది కుడి పై గది అని రాశాడు. 1839లో పుర్కింజే అనే చెక్ శాస్త్రవేత్త గొర్రె గుండె లోపలి పొర కింద బూడిద రంగు పోగులు చూశాడు. ఎందుకున్నాయో ఆయనకు అంతుపట్టలేదు. 1880ల్లో గాస్కెల్ తాబేలు గుండెను ముక్కలు ముక్కలుగా కోసి, నరాలతో సంబంధం లేకుండా కండరమే సొంతంగా కొట్టుకుంటుందని చూపించాడు. 1906లో జర్మనీలో పనిచేస్తున్న జపాన్ యువకుడు సునావో తవారా, పుర్కింజే పోగులన్నీ వెనక్కి వెతుక్కుంటూ పోయి, పై గదులకూ కింది గదులకూ మధ్య ఉన్న ఇంకో ముద్దను పట్టుకున్నాడు. అది ఏట్రియో వెంట్రిక్యులర్ నోడ్, పొట్టిగా ఏవీ నోడ్. మొదటిది, అంటే ఎస్ఏ నోడ్, మాత్రం ఇంకా దొరకలేదు.

అదే ఏడాది ఎండాకాలంలో ఇంగ్లండ్‌లోని కెంట్‌లో, ఆర్థర్ కీత్ అనే డాక్టర్ ఇంట్లో, మార్టిన్ ఫ్లాక్ అనే వైద్య విద్యార్థి మైక్రోస్కోప్ ముందు కూర్చున్నాడు. కీత్, భార్యతో కలిసి సైకిల్ మీద తిరగడానికి పోయాడు. ఈ అబ్బాయి మోల్ అనే ప్రాణి గుండెను పలచటి ముక్కలుగా కోసి చూస్తున్నాడు. మట్టిలో బొరియలు చేసుకొని బతికే జంతువు అది, మన దగ్గర ఉండదు. కీత్ తిరిగొచ్చేసరికి, కుడి పై గది గోడలో ఏదో వింత కణజాలం ఉందని ఆత్రంగా చూపించాడు. తర్వాత మనిషిలోనూ, మిగతా జంతువుల్లోనూ అదే చోట కనిపించింది. 1907లో అచ్చయింది. ప్రొఫెసర్ సైకిల్ తొక్కుతుంటే స్టూడెంట్ కనిపెట్టాడన్నమాట. ఇక్కడున్న పిల్లలు గుర్తుపెట్టుకోండి, మా ప్రొఫెసర్లకు మాత్రం చెప్పకండి.

సైన్స్ టీచర్లకు ఒక మాట. కప్పలు కోసే రోజులు పోయాయి. మటన్ షాపులో గొర్రె గుండెకాయ అడగండి, ఇస్తారు. కుడి కింది గది తెరవండి. ఒక గోడ నుంచి ఎదుటి గోడకు అడ్డంగా పోయే పట్టీ ఒకటి కనిపిస్తుంది. కబురు మోసే పోగులు దాని గుండా పోతాయి. గొర్రెల మీదే బతికే గొల్లకురుమల జిల్లాలు మనవి. పుర్కింజే చూసినదాన్ని మన పిల్లలు ఎందుకు చూడకూడదు?

ఇక లోపల ఏం జరుగుతుందో కొంచెం ఓపికగా వినండి. అసలు విషయం ఇదే.

ప్రతి కణం గోడకూ లోపలా బయటా కరెంటు తేడా ఉంటుంది. మామూలు గుండె కండర కణం లోపల మైనస్ 90 మిల్లీవోల్టుల దగ్గర ఉంటుంది. పక్క కణం తట్టేదాకా అక్కడే ఆగి ఉంటుంది. ఎస్ఏ నోడ్ కణానికి ఆ ఆగడం తెలియదు. మైనస్ 60కి దిగిందో లేదో, దాని గోడలో కొన్ని సన్నటి దారులు తెరుచుకుంటాయి. వాటిని ఛానళ్లు అంటారు. బయట ఉన్న సోడియం కొద్దికొద్దిగా లోపలికి వస్తుంది. మైనస్ 55, 50, 45. మైనస్ 40 దాటగానే కాల్షియం దారులు తెరుచుకుని కాల్షియం ఒక్కసారిగా లోపలికి వస్తుంది. అదే కొట్టుకోవడానికి మొదలు. తర్వాత పొటాషియం బయటికి పోయి కణం మళ్లీ మైనస్ 60కి దిగుతుంది. దిగగానే సోడియం దారులు మళ్లీ తెరుచుకుంటాయి. రోజుకు దాదాపు లక్ష సార్లు, ఎవరూ అడగకుండా.

సాధారణంగా ఇలాంటి ఛానళ్లు కణం ఉత్తేజపడ్డప్పుడు తెరుచుకుంటాయి. ఇవి మాత్రం కణం శాంతించినప్పుడు తెరుచుకుంటాయి. 1979లో ఆక్స్‌ఫర్డ్‌లో బ్రౌన్, డిఫ్రాంచెస్కో, నోబుల్ ఈ సంగతి బయటపెట్టినప్పుడు దాన్ని వింత కరెంటు అన్నారు. ఆ పేరే నిలిచిపోయింది. ఇవాళ కొందరు గుండె రోగులకిచ్చే ఐవాబ్రడీన్ గోళీ సరిగ్గా ఈ దారులనే మూస్తుంది, గుండె వేగం తగ్గుతుంది.

ఎస్ఏ నోడ్ దగ్గర పుట్టిన కబురు రెండు పై గదులనూ ముడుచుకునేలా చేసి ఏవీ నోడ్ చేరుతుంది. అక్కడ ఒక సెకనులో పదో వంతు నెమ్మదిస్తుంది. పై గదుల్లో రక్తం కిందికి దిగడానికి ఆ వ్యవధి చాలు. అక్కడినుంచి హిస్ కట్ట అనే పోగుల దారి, పుర్కింజే పోగుల మీదుగా క్షణంలో కింది గదులంతా పాకుతుంది. ఈసీజీలో పెద్ద గీతకు ముందు చిన్న ఎత్తు కనిపిస్తుంది కదా, పై గదులు కదిలినప్పటి గుర్తు అది. ఎస్ఏ నోడ్ గుర్తు అనుకుంటారు చాలామంది. నోడ్ మరీ చిన్నది, మామూలు ఈసీజీకి అందదు.

ఇక్కడొక చిక్కు ఉంది. సొంతంగా కొట్టుకునే గుణం ఎస్ఏ నోడ్ ఒక్కదానికే లేదు. ఏవీ నోడ్‌కూ ఉంది, నిమిషానికి 40 నుంచి 60. పుర్కింజే పోగులకూ ఉంది, 20 నుంచి 40. మరి ముగ్గురూ మూడు రకాలుగా ఎందుకు కొట్టరు? దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతరలో డప్పుల గుంపును చూడండి. అందరికీ కొట్టడం వచ్చు. జోరు ఎక్కువున్నవాడు దరువు అందుకుంటాడు, మిగతావాళ్లు అతని వెంట పోతారు. అతను ఆగితే ఒక క్షణం తడబాటు, తర్వాత ఇంకొకడు అందుకుంటాడు, కానీ అతని చెయ్యి అంత వేగంగా ఆడదు. గుండెలో కూడా వేగం ఎక్కువున్నదే పెత్తనం చేస్తుంది. మిగతావి తమ వంతు వచ్చేలోపే దాని కబురు అందుకుంటాయి. అది ఆగిందా, ఆ కొద్ది క్షణాల తడబాటులోనే మెదడుకు రక్తం అందక మనిషి కుప్పకూలుతాడు. ఈ పడిపోవడం గురించి ముందు ముందు మాట్లాడాలి.

మెదడుకు అసలు పనే లేదా అంటే, ఉంది. వేగం మార్చడం దాని పని. ఎస్ఏ నోడ్‌ను దాని మానాన వదిలేస్తే నిమిషానికి 100 దాకా కొడుతుంది. వేగస్ అనే నరం ఎసిటైల్‌కోలిన్ అనే పదార్థం చిమ్మి దాన్ని 70కి తెస్తుంది. మార్చిన గుండెకు ఆ నరం ఉండదు కాబట్టే 90, 100, 110 మధ్య కొట్టుకుంటుంది. మెట్లెక్కితే వెంటనే పెరగదు, రక్తంలో అడ్రినలిన్ చేరాక మెల్లగా పెరుగుతుంది. ఆ నరం ఇలా ఒక పదార్థంతోనే పనిచేస్తుందని 1921లో ఒట్టో లోవీ అనే శాస్త్రవేత్త రెండు కప్ప గుండెలతో చూపించాడు. ఒక గుండెకున్న వేగస్ నరాన్ని ప్రేరేపించి, దాని చుట్టూ ఉన్న నీళ్లు తీసి రెండో గుండె మీద పోశాడు. అదీ నెమ్మదించింది. 1936లో నోబెల్ వచ్చింది.

మన పత్తి చేలల్లో ఈ ప్రయోగం ఏటా జరుగుతూనే ఉంది, మనుషుల మీద. మోనోక్రోటోఫాస్ లాంటి పురుగుమందులు ఒంట్లో ఎసిటైల్‌కోలిన్‌ను విరగ్గొట్టే ఎంజైమును ఆపేస్తాయి. రైతు మూతికి గుడ్డ లేకుండా, గాలికి ఎదురుగా మందు కొడతాడు, ఒళ్లంతా తడుస్తుంది. సాయంత్రానికి నోట్లో చొంగ, కళ్లలో నీళ్లు, కంటిపాప సూదిమొనంత, నాడి నెమ్మది. ఎండదెబ్బ అనుకొని ఇంట్లో పడుకోబెట్టకండి. తడిసిన బట్టలు విప్పి, సబ్బుతో కడిగి, వెంటనే ఆసుపత్రికి తీసుకుపోండి. అక్కడ ఇచ్చే అట్రోపిన్, ఆ ఎసిటైల్‌కోలిన్ పని చేయకుండా అడ్డుకుంటుంది.

సిస్టర్లూ, మీరు రోజూ ఎక్కించే ఆర్ఎల్ బాటిల్‌లో ఆర్ అంటే రింగర్. 1882 ప్రాంతంలో లండన్‌లో సిడ్నీ రింగర్ కప్ప గుండెను ఉప్పు నీళ్లలో కొట్టించాడు. డిస్టిల్డ్ వాటర్‌తో ఉప్పు నీళ్లు చేస్తే గుండె ఆగుతోంది, కుళాయి నీళ్లతో చేస్తే బాగా కొడుతోంది. ఎందుకని వెతికితే కుళాయి నీళ్లలోని కాల్షియం అని తేలింది. పొటాషియం కూడా హద్దులో ఉండాలి. కిడ్నీ పాడైనవాళ్లలో అది పేరుకుపోయి గుండె నెమ్మదిస్తుంది, ఆగిపోవచ్చు కూడా. నీరసంగా ఉన్నాడని డయాలసిస్ మనిషికి బత్తాయి రసం, కొబ్బరినీళ్లు తీసుకుపోకండి. బత్తాయి మన జిల్లా పంటే, నాకూ ఇష్టమే, వాళ్లకు మాత్రం డాక్టర్‌ను అడగనిదే వద్దు.

ఇప్పుడు ఆ పడిపోవడం సంగతి. వయసు పైబడితే ఎస్ఏ నోడ్‌లో కణాలు తగ్గి పీచు కణజాలం పెరుగుతుంది. కొందరిలో ఏవీ నోడ్ దగ్గర దారి మూసుకుపోతుంది. డెబ్బై దాటిన పెద్దమ్మ వాకిలి ఊడుస్తూ కళ్లు తిరిగి పడుతుంది. నిమిషంలో లేస్తుంది. "నీరసం, తిండి సరిగా తినట్లేదు" అంటారు. ఊళ్లో డాక్టర్ ఒక ఆర్ఎల్ పెడతాడు. నెలకు మళ్లీ పడుతుంది, మళ్లీ ఆర్ఎల్. మూడోసారి తుంటి ఎముక విరుగుతుంది. అప్పుడు ఆపరేషన్‌కు ముందు ఈసీజీ తీస్తే నాడి 36 అని తెలుస్తుంది. ఇలాంటి కేసులు ఎన్ని చూశానో. నాకు కోపం వచ్చేది బాటిల్ పెట్టినందుకు కాదమ్మా, అంతసేపు ఆ చెయ్యి పట్టుకొని సూది గుచ్చినవాళ్లలో ఒక్కరూ నాడి లెక్కపెట్టనందుకు.

బొటనవేలి కింద, మణికట్టు మీద మూడు వేళ్లు ఆనించి, గడియారం చూస్తూ పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టండి. పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించకండి, మధ్యలో ఆగి ఆగి కొట్టే నాడి అలా దొరకదు. 50 కంటే తక్కువుండి, కళ్లు తిరగడం, పడిపోవడం ఉంటే ఆ రోజే ఈసీజీ తీయించాలి. అవసరమైతే పేస్‌మేకర్, అంటే గుండెకు కరెంటు కబురు పంపే చిన్న మిషన్, పెడతారు. ఆరోగ్యశ్రీలో ఉంది.

ఒంటి లోపల అమర్చే మొదటి పేస్‌మేకర్‌ను 1958 అక్టోబర్ 8న స్వీడన్‌లో ఆర్నే లార్సన్‌కు పెట్టారు. గుండెలో దారి మూసుకుపోయి ఆయన రోజూ ఎన్నోసార్లు స్పృహ తప్పేవాడు. సర్జన్ ఓకే సెన్నింగ్, ఇంజినీర్ రూనే ఎల్మ్‌క్విస్ట్‌ల వెంటపడి ఆయన భార్యే చేయించింది. పెట్టినది కొన్ని గంటలే పనిచేసింది. మళ్లీ పెట్టారు. జీవితంలో మొత్తం 26 మార్చుకున్నాడు. 86 ఏళ్లు బతికి 2001లో పోయాడు. గుండెతో కాదు, క్యాన్సర్‌తో. ఆయనకు పేస్‌మేకర్ పెట్టిన సర్జన్, తయారుచేసిన ఇంజినీర్ ఇద్దరూ ఆయనకంటే ముందే పోయారు.

నేను చెప్పాల్సింది ఇంతే. అడగండి.

ఒక మహిళ: సార్, మా మామకు నాడి 48 ఉంటది. బీపీ గోళీ వేసుకుంటడు. పడుడు గిట్ల లేదు.

ఆ గోళీ అటెనొలాల్, మెటొప్రొలాల్ లాంటిదైతే అది నాడిని తగ్గిస్తుందమ్మా. మీ అంతట మీరు ఆపకండి, ఒక్కసారిగా ఆపితే ప్రమాదం. గోళీల షీటు పట్టుకెళ్లి డాక్టర్‌కు చూపించి, ఒక ఈసీజీ తీయించండి. రోజూ పరుగెత్తే కుర్రాడికి 48 ఉంటే నేను పట్టించుకోను. మీ మామ వయసులో పట్టించుకుంటాను.

ఒక ఉపాధ్యాయుడు: యోగులు గుండెను ఆపేస్తారంటారు, నిజమేనా?

మన దేశంలోనే పరీక్షించి చూశారు మాస్టారూ. వెంగర్, బాగ్చీలతో కలిసి ఢిల్లీ ఎయిమ్స్‌కు చెందిన బి.కె. ఆనంద్ 1961లో ప్రచురించారు. ఊపిరి బిగబట్టి ఛాతీ కండరాలు బిగిస్తే గుండెకు వచ్చే రక్తం తగ్గి, మణికట్టు దగ్గర నాడి అందదు, స్టెతస్కోప్‌కు చప్పుడూ వినబడదు. ఈసీజీలో మాత్రం గుండె కొట్టుకుంటూనే ఉంది. వేగం తగ్గించగలిగారు, అది వేగస్ నరం పని. ఆపలేదు.

ఒక పెద్దాయన: పేస్‌మేకర్ ఉన్న మనిషి పానం పోయినా గుండె కొట్టుకుంటనే ఉంటదా?

లేదు పెద్దయ్యా. పేస్‌మేకర్ కబురు మాత్రమే పంపుతుంది. ఆక్సిజన్ అందని కండరం ఆ కబురు అందుకున్నా ముడుచుకోలేదు. మిషన్ కొంతకాలం పంపుతూనే ఉంటుంది, జవాబు ఉండదు. మీరు అడిగారు కాబట్టి ఇంకొకటి చెప్తాను. పేస్‌మేకర్‌లో బ్యాటరీ ఉంటుంది, చితి మంటలో అది పేలుతుంది. దహనం చేసేవాళ్లయితే ముందే ఆసుపత్రిలో చెప్పి తీయించండి. చిన్న కోతతో పది నిమిషాల్లో అయిపోతుంది. పూడ్చిపెట్టే ఆనవాయితీ ఉన్నవాళ్లకు ఆ అవసరం లేదు.